చీకట్లో పెట్టిన సీసా

అల్యూమినియం ఫాయిల్ చింపే చప్పుడు వింటే ఇప్పటికీ చేస్తున్న పని ఆపేస్తాను. ఈ పొద్దున ఢిల్లీ పక్కన వైశాలిలో, మా వంటింట్లో, మా ఆవిడ పరాఠాలు చుడుతుంటే అదే జరిగింది. "ఏమైంది?" అంది. "సుభద్ర మేడమ్ గుర్తొచ్చారు" అన్నాను. వెంటనే మొహం జాలిగా పెట్టింది. మేడమ్‌కి ఏమీ కాలేదు. రిటైరై ఢిల్లీ ద్వారకలో ఉన్నారు, అపార్ట్‌మెంట్ సొసైటీ మీటింగుల్లో అందర్నీ ఆధారాలు అడుగుతూ ఆరోగ్యంగా ఉన్నారు.

గ్రేటర్ నోయిడాలో ఒక విశ్వవిద్యాలయంలో ఆవిడ దగ్గర పీహెచ్‌డీ చేశాను. ఆవిడ కాకినాడ మనిషి. ఇన్నేళ్ల ఢిల్లీ ఆవిడ యాసని కదపలేక, మధ్యలో ఒక "అచ్ఛా" మాత్రం చేర్చగలిగింది. ఆ అచ్ఛాకి "నేను నమ్మలేదు" అని అర్థం. నా పనంతా ఒక పచ్చటి పొడి. చూడ్డానికి వంటింటి పసుపే. లోపల మాత్రం తేనెపట్టులా గదులు గదులుగా అల్లుకున్న సేంద్రియ చట్రం. లోహం సాయం లేకుండా, నీలి దీపం వెలుగుతోనే అది రెండు అణువుల్ని కలిపి ఒకటి చేయాలి. మూడేళ్లు ఆ దీపం కింద హాయిగా పడుకుంది. నాలుగో ఏడు, పొడి తయారీని కాస్త మార్చాక, ఒక సోమవారం, ఉన్నట్టుండి పని మొత్తం పూర్తిచేసింది. మరో వారంలో నా ఫెలోషిప్ పొడిగింపు సమావేశం. చూపించడానికేమీ లేక ఊరికి టికెట్లు వెతుక్కుంటున్నవాణ్ణి, కాజూ బర్ఫీ తెచ్చి లాబంతా పంచాను.

మేడమ్ బర్ఫీ పూర్తిగా తిన్నాకే అడిగారు. "చీకట్లో చేశావా?"

"అది వెలుగుతో పనిచేసేది మేడమ్. చీకట్లో చేయదు."

"అచ్ఛా. ఆ సంగతి దానికి చెప్పావా?"

సొరుగులోంచి తన రొట్టెలు చుట్టుకునే ఫాయిల్ చుట్ట తీసి ఇచ్చారు. "సీసా మొత్తం చుట్టు, ఎక్కడా వెలుగు దూరకూడదు. చుట్ట వెనక్కి తెచ్చివ్వు, రేపు నాకు కావాలి."

మర్నాడు పొద్దున చుట్టి పెట్టి, సాయంత్రం విప్పాను. చీకట్లోనూ పని మొత్తం అయిపోయింది. అంటే వెలుగుకి ఇందులో పాత్రే లేదు. ఆ ఫాయిల్‌ని ఉండచేసి పారేస్తే ఈ సీసా సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఉండ చేశాను కూడా. ఇక్కడ నా మనస్సాక్షి మేల్కొందని రాయాలని ఉంది. నిజానికి ఫాయిల్ చుట్ట తిరిగివ్వాలి కాబట్టి ఆవిడ గదికి వెళ్లాను. ఎదురుగా నిలబడ్డాక అబద్ధం నోట్లోంచి రాలేదు.

"చీకట్లోనూ అయింది మేడమ్."

తిడతారనుకున్నాను. "టీ తాగావా?" అన్నారు. తరవాత, "రేపు పొడి వేయకుండా చెయ్యి."

"పొడి లేకపోతే ఇంకేముంది మేడమ్, నేనూ సీసా."

"మీ ఇద్దర్లో ఎవరో చేస్తున్నారుగా."

పొడి లేకుండా కూడా అయింది. నాలుగేళ్లు నేను పెంచిన పొడి తనకేమీ సంబంధం లేదని తేల్చేసింది. అప్పుడు మేడమ్ స్వయంగా లాబ్‌కి వచ్చి, సీసా ఒంపేసి, అడుగున తిరుగుతూ ద్రావణాన్ని కలిపే అయస్కాంతపు పూసని పట్టకారుతో ఎత్తి పట్టుకున్నారు. కొత్తప్పుడు తెల్లగా ఉంటుంది. ఇది బూడిద రంగులో ఉంది.

"ఇదెవరిదయ్యా?"

"మా సీనియర్ వెళ్తూ ఇచ్చి వెళ్లాడండీ. మొన్న సోమవారమే మొదటిసారి వేశాను."

"అతను దేనితో పనిచేసేవాడు?"

"పల్లాడి..." అన్నాను. మాట సగంలోనే నాకు అర్థమైంది. పల్లాడియం రసాయన చర్యలు నడపడంలో ఆరితేరిన లోహం. ఎంత కడిగినా వదలకుండా పూస గీతల్లో దాక్కుని, నా పొడి పేరున ఉద్యోగం చేస్తోంది.

కొత్త పూసలతో మూడు సీసాలు పెట్టాను. చీకట్లో పెట్టినదాంట్లో ఏమీ లేదు. పొడి లేనిదాంట్లో ఏమీ లేదు. ఏమీ జరగలేదని సంతోషించాను. ముందు రోజులైతే అలాంటి ఫలితానికి మెస్‌లో అన్నం మానేసేవాణ్ణి. పొడి, వెలుగు రెండూ ఉన్న మూడోదాంట్లో మాత్రం పని నిదానంగా, సగం దాకా అయింది.

"సగమే వచ్చింది మేడమ్" అన్నాను.

"సగం నీ పొడిది. మొన్నటిదంతా పూసది."

సమావేశంలో ఆ మూడు సీసాల సంగతే చెప్పాను, పూస కథతో సహా. పొడిగింపు వచ్చింది. మళ్లీ బర్ఫీ కొంటానంటే, "ముందు ఇంకోసారి చేసి చూడు" అన్నారు మేడమ్. చేశాను. మళ్లీ సగమే వచ్చింది. అప్పుడు తిన్నారు, రెండు.

ఇప్పుడు నోయిడాలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. పని మరీ బాగా కుదిరిన రోజున ఎవరికీ చెప్పను. ఒక సీసాకి ఫాయిల్ చుట్టి పక్కన పెడతాను. సాయంత్రం విప్పి, లోపల ఏమీ జరగలేదని కళ్లారా చూసుకున్నాకే, బర్ఫీ తెస్తున్నానని ఇంటికి ఫోన్ చేస్తాను.