క్లైమాక్సమ్మ ఒకటో నంబరు సినిమా

ఆ సినిమా హాల్లో పదేళ్ళుగా ఊడ్చే ఆవిడకి సొంత పేరొకటి ఉండే ఉంటుంది. హాజరు పుస్తకానికి తప్ప అదెవరికీ తెలియదు. అందరూ క్లైమాక్సమ్మ అనేవాళ్ళు. ఎందుకంటే ఆట నడుస్తున్నంతసేపూ ఆవిడ మెట్లూ మరుగుదొడ్లూ కడిగేది. ఆఖరి ఐదు నిమిషాలకి చీపురు పట్టుకొచ్చి తలుపు దగ్గర నిలబడేది. జనం లేవడం ఆలస్యం, లోపలికి దూకేది. అలా లక్ష సినిమాలు చూసింది. సరే, లక్ష కాదు లెండి, ఐదారొందలు. ఒక్కదానికీ మొదలు చూడలేదు.

మొదలు చూసేవాడు ఆవిడ మొగుడు. అదే హాల్లో ఆపరేటర్. పైన అద్దాల గదిలో మెషిన్ పక్కన స్టూలు మీద కూర్చుని అన్నీ చూసేవాడు. మధ్యాహ్నం ఆటకీ సాయంత్రం ఆటకీ నడుమ ఇద్దరూ చీపుళ్ళ గదిలో ఒకే క్యారేజీ ముందేసుకుని తినేవాళ్ళు. ఆయన మొదలు చెప్పేవాడు, ఈవిడ చివర అతికించేది. సినిమా పూర్తయ్యేది.

ఆ గది తలుపు వెనక సుద్దముక్కతో పది సినిమాల వరస ఉండేది. పదేళ్ళలో నచ్చినవి. ఆవిడ చెబితే ఆయన రాసేవాడు. అసలు పేర్లు కావు; గడియారాల పిల్ల, అన్నదమ్ముల పడవ, ఇలా. ఎనిమిదో దాన్ని మూడుకి ఎక్కించాలంటే వారం రోజుల పోట్లాట.

“ఆ పడవ సినిమాకి మూడో నంబరా? నీకసలు మతుందా?”

“మతుంటే నిన్ను చేసుకునేదాన్నా?”

ఒకటో నంబరు మాత్రం ఏడేళ్ళుగా కదల్లేదు. రెండు టిక్కెట్ల ముసలాయన. చివర్లో ఆయన స్టేషన్లో ఖాళీ బల్ల మీద ఒక టిక్కెట్ పెట్టి, రెండోది పట్టుకుని రైలెక్కేస్తాడు. చెవిటి పెళ్ళాం అలిగి ఆ స్టేషన్లోనే దిగిపోయిందనీ, ముప్పై ఏళ్ళు రోజూ వచ్చి చూశాడనీ ఆపరేటర్ చెప్పిన రోజున ఈవిడ క్యారేజీలోకి కన్నీళ్ళు కార్చేసింది. “చాల్లేవే, కూరలో ఉప్పెక్కువైంది,” అన్నాడాయన.

నాలుగు నెలల కిందట ఆ మొగుడు బస్సు దిగి, మెట్టు పక్కన కూర్చుని, మళ్ళీ లేవలేదు. ఐదో రోజుకి ఈవిడ పనిలోకొచ్చింది. కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. పన్ను పీకడానికి మందు పొడిస్తే చెంప ఎలా ఉంటుందో, ఒళ్ళంతా అలా ఉంది. ఆడపడుచు అయితే వీధికి వినపడేలా సాధించింది.

“నా తమ్ముడు పోతే ఏడవని దానివి నువ్వొక్కదానివేనే! ఆ కన్నీళ్ళు దాచుకుని ఊరగాయ పెట్టుకుంటావా?”

ఈవిడకీ అదే దిగులు. మొగుడి కోసం ఏడవలేకపోతే తనింక మనిషేనా?

ఇంతలో హాలు మూసేస్తున్నారన్నారు. ఆదివారం ఆఖరు. మేనేజరు పిలిచి, “పొద్దున్నాట నీ ఇష్టం, క్లైమాక్సమ్మా. ఏ సినిమా వెయ్యమంటావ్?” అన్నాడు. ఏడుపు తెప్పించగలిగేది ఏదైనా ఉంటే ఆ ఒకటో నంబరొక్కటే. ఆఖరి సీను చెప్పింది, మేనేజరు పోల్చుకున్నాడు.

ఆదివారం పొద్దున, జీవితంలో మొదటిసారి, ఆ ఆడపడుచు వదినని పక్కన పెట్టుకుని ఐదో వరసలో కూర్చుంది. సినిమా మొదలైంది. చెవిటి పెళ్ళాం లేదు. అసలు పెళ్ళామే లేదు. ముసలాయన దొంగ బంగారం వ్యాపారి. వాటా ఇవ్వాల్సొస్తుందని భాగస్వామికి టీలో విషం కలిపాడు. రెండో టిక్కెట్ ఆ చచ్చినవాడిది.

“ఇతనికా నువ్వు అయ్యో పాపమన్నది?” అంది వదిన, నోరు నొక్కుకుంటూ.

వేరే సినిమా వేశారేమోనని ఈవిడ లేచి అద్దాల గదికెళ్ళింది. లోపల మేనేజరే ఆట నడుపుతున్నాడు, మెషిన్ ఫ్యాన్ల హోరు. సినిమాలోని మాట ఒక్కటీ వినపడటం లేదు. గోడ మీద స్పీకరుకి వైరు తెగి వేలాడుతోంది.

“అది పాడై తొమ్మిదేళ్ళయిందిగా,” అన్నాడు మేనేజరు. “రెండుసార్లడిగి ఊరుకున్నాడు. నీకు చెప్పలేదా?”

చెప్పలేదు. బొమ్మలు చూసి మాటలు తనే పెట్టుకున్నాడన్నమాట, ఆ తొమ్మిదేళ్ళ సినిమాలన్నిటికీ.

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. అద్దం అవతల, చప్పుడు లేకుండా, ముసలాయన బల్ల మీద టిక్కెట్ పెట్టాడు. ఇక్కడ్నుంచి చూస్తే ముప్పై ఏళ్ళు ఎదురుచూసినవాడిలాగే ఉన్నాడు. ఏడుపు వస్తుందేమోనని ఆగింది. రాలేదు.

కిందికి దిగాక మేనేజరు చీపుళ్ళ గదిలోకి తొంగిచూసి, “ఒకటో నంబరు చెరిపెయ్యనా మరి?” అన్నాడు.

“ఎందుకు సారూ? ఇవాళ వేసింది ఆ సినిమా కాదు. అది మా ఆయన తీసింది.” తలుపు అంచు పట్టుకుని, “ఈ తలుపు నాకిస్తారా?” అంది.

ఎలాగూ పడగొట్టే హాలు. మరలు విప్పించి ఇచ్చాడు. సుద్ద రాత చెరక్కుండా పైకి తిప్పి, వదినా మరదళ్ళు చెరో చివరా పట్టుకుని వీధిలోకొచ్చారు. బస్సులు ఆగి చూశాయంటే నమ్మండి. తమ్ముడి రాత కళ్ళెదుటే ఉండేసరికి అటు చివర వదిన బావురుమంటూ నడిచింది.

ఇటు చివర ఈవిడ, “మెల్లగా వదినా,” అంది. “ఎనిమిదో నంబరు మీద వేలు పెట్టావు.”