అరవై ఒకటో పేజీలో త్రికోణం

ఆర్డిస్ కోప్కీ ముప్పై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. వెనక యాభై మంది పిల్లల గోల, ముందు అద్దం మీద మంచు. బస్సు నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడరాదు అని సీటు వెనక రాసి ఉండేదట. పిల్లలు మిగతా నియమాలన్నీ మీరారు కానీ ఆ ఒక్కటి మాత్రం చక్కగా పాటించారని ఆవిడే ఒకసారి నాతో అంది.

పెళ్లి చేసుకోలేదు. మా ఊరి మెయిన్ స్ట్రీట్లో మూతపడిన చెప్పుల దుకాణం పైన రెండు గదుల్లో ఉండేది. ఒక్కగానొక్క చెల్లెలు విస్కాన్సిన్ చలి భరించలేక అరిజోనా వెళ్లిపోయింది. డిసెంబరులో కార్డు పంపేది. ఆర్డిస్ వారమంతా ఎదురుచూసేది గురువారం కోసమే.

గురువారం పదిగంటలకు మా గ్రంథాలయంలో కిటికీ పక్క పొడుగు బల్ల చుట్టూ చదివేవాళ్లు చేరతారు. ఆ వారం కొన్నదో, ఇక్కడే బీరువాల్లో దొరికిందో, ఒక పుస్తకం చూపించి నాలుగు మాటలు చెప్పాలి. తడిసిన బూట్లు గుమ్మం దగ్గర వరసగా వదిలి, మేజోళ్లతో వచ్చి కూర్చుంటారు. నేను కౌంటర్లో పనిచేస్తాను. కాఫీ పెట్టడం, కుర్చీలు సర్దడం నా వంతు. మాట్లాడే వంతు ఎప్పుడైనా నాకు వస్తుందేమోనని భయపడి గిన్నెలు కడగడానికి వెళ్లిపోయేదాన్ని.

ఫిలిస్ బ్రాండ్‌వోల్డ్ ప్రతివారం ఎవరి గరాజ్‌లోనో అమ్మకానికి పెట్టిన పుస్తకాలు సంచీ నిండా తెచ్చేది.

"ఏడు పుస్తకాలు, ఒక డాలరు. సంచీ కూడా వాళ్లదే!"

"చదివేవి ఎన్ని?" అనేవాడు రోజర్ స్టాంకీ. ఆయన పశువుల డాక్టరుగా పనిచేసి మానేశాడు. యుద్ధాల చరిత్ర తప్ప ఇంకేమీ ముట్టుకోడు.

"చదవడానికి కొంటున్నానని నీకెవరు చెప్పారు?"

ఆర్డిస్ ఎప్పుడూ కొనలేదు. బీరువాల్లో దొరికినవే తెచ్చేది. ఒక వారం తేనెటీగల పెంపకం, ఒక వారం పోర్చుగల్ వంటలు, ఆ పైవారం హత్య నవల, తర్వాత వంతెనల మీద లావుపాటి పుస్తకం.

"నీ బుర్రలో ఎంతమంది కాపురం ఉంటున్నారే ఆర్డిస్?" అనేది ఫిలిస్.

ఆర్డిస్ చిన్నగా నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు వెనక సంగతి ఫిబ్రవరిలో ఒక గురువారం తెలిసింది. తలుపు తీయగానే, మిగతావాళ్ల కంటే గంట ముందు, కౌంటరు దగ్గరకొచ్చి నిలబడింది.

"అమ్మాయ్, నీ దగ్గర ఒక తప్పు ఒప్పుకోవాలి. కసరకూడదు."

చేతిలో పుస్తకం అరవై ఒకటో పేజీ దగ్గర తెరిచింది. అంకె కింద పెన్సిలుతో గీసిన చిన్న త్రికోణం, దాని పక్కన ఒక చుక్క.

"చుక్క నాది. త్రికోణం నాది కాదు."

మా పాత పాఠకులకు ఈ దొంగ అలవాటు ఉంది. చదివిన పుస్తకాన్నే మరిచిపోయి మళ్లీ ఇంటికి మోసుకుపోకుండా, తమకు నచ్చిన ఒక పేజీ ఎంచుకుని, అన్ని పుస్తకాల్లోనూ అదే పేజీలో గుర్తు పెట్టుకుంటారు. గ్రంథాలయం పుస్తకాల మీద రాయకూడదు కనుక ఎవరూ ఒప్పుకోరు. మేమూ చూడనట్టే ఉంటాం.

ఇరవై రెండేళ్ల క్రితం ఆర్డిస్ మంచులో జారి కాలు విరగ్గొట్టుకుంది. మంచం మీద చదువుకోవడానికి చేతికందిన మూడు పుస్తకాలు తెప్పించుకుంటే, మూడింట్లోనూ ఆ త్రికోణం కనిపించింది. అప్పటి నుంచి ఏ పుస్తకం తీసినా ముందు అరవై ఒకటో పేజీయే చూసింది. త్రికోణం ఉంటేనే ఇంటికి తెచ్చుకుంది. చివరి పేజీ ముగించాక పక్కన తన చుక్క పెట్టింది.

"ఎవరో తెలీదు. నవ్వొచ్చే చోటు వస్తే, ఈ మనిషి కూడా ఇక్కడే నవ్వి ఉంటాడనుకుంటాను. ఒక్కోసారి పైకే అనేస్తాను, చూశావా అని." ఆవిడ గొంతు తగ్గించింది. "సెప్టెంబరు నుంచి వచ్చిన కొత్త పుస్తకాల్లో గుర్తు లేదమ్మాయ్. ఒక్కదాంట్లో కూడా లేదు. అన్నీ వెతికాను. మీ మెషీన్లో చూసి ఎవరో చెప్పగలవా?"

"పుస్తకం తిరిగి రాగానే పేరు చెరిగిపోతుందండీ. ఉన్నా చెప్పకూడదు."

ఆవిడ తల ఊపింది. ఆ రోజు తన వంతు వచ్చినప్పుడు పుస్తకం గురించి చెప్పకుండా, ఆ పేజీ తెరిచి బల్ల మధ్యలో పెట్టింది.

"ఇది మీలో ఎవరిది?"

 అందరూ నావైపు చూశారు. నేను కాఫీ కూజా మూత బిగించసాగాను.

"నాది నలభై నాలుగు," అన్నాడు రోజర్ చివరికి. "చిన్న శిలువ."

"పంతొమ్మిది, సున్నా," అంది ఫిలిస్. ఇక ఒక్కొక్కరే బయటపడ్డారు. నవ్వులే నవ్వులు. కానీ అరవై ఒకటి ఎవరిదీ కాదు.

సంగతంతా విన్నాక ఫిలిస్ ఊరుకుంటుందా! "ఇరవై రెండేళ్ల ప్రేమకథ మాకు చెప్పకుండా దాచావా? గడుసుదానివే!"

ఆర్డిస్ మెడ దాకా ఎర్రబడింది. "ప్రేమా లేదు, దోమా లేదు. ఆ మనిషి బతికున్నారో లేదో తెలిస్తే చాలు నాకు," అని పుస్తకం మూసేసింది.

రెండు వారాలకోసారి మంగళవారం నేను ఊరి చివర వృద్ధుల ఆశ్రమానికి పెద్దక్షరాల పుస్తకాల పెట్టె తీసుకెళ్తాను. ఈసారి వాపసు వచ్చినవన్నీ కారులోనే కూర్చుని తిరగేశాను. రెండింట్లో కనిపించింది. గీతలు వణికాయి కానీ అదే త్రికోణం. మళ్లీ లోపలికి వెళ్లి, హాల్లో టీవీ ముందున్న నలుగురైదుగురిని, ఈ గుర్తు ఎవరిదని ఎంత మెల్లగా అడిగానంటే రెండుసార్లు అడగాల్సి వచ్చింది. కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉన్న ముసలాయన చెయ్యెత్తాడు.

"నేనే. జరిమానా ఎంత?"

పేరు వెండెల్ ప్రాస్కా. తొంభై ఏళ్లు. సెప్టెంబరులో కళ్లూ కాళ్లూ ఒకేసారి మొరాయించి ఇక్కడ చేరాడు. మిమ్మల్ని చూడాలని ఒకావిడ అడుగుతోందంటే, "నన్నా? రమ్మను. నాకేం పనుంది," అన్నాడు.

మరుసటి మంగళవారం ఆర్డిస్ ఆకుపచ్చ కోటు వేసుకొచ్చింది. జుట్టు సెలూనులో సర్దించుకుంది. దారి పొడుగునా ఒకటే మాట. "ముందు ఏం మాట్లాడాలంటావు?"

"నాకూ తెలీదండీ," అన్నాను. నిజంగానే తెలీదు.

కుర్చీ దగ్గరకు లాక్కుని ఆయన ముందు కూర్చుంది. "మీ తర్వాత నేను చదివాను," అంది. "అన్నీ."

"అన్నీ అంటే?"

"త్రికోణం ఉన్నవన్నీ. ఎనిమిది వందలు దాటాయి."

ఆయన నావైపు తిరిగాడు. "ఈవిడ బాగానే ఉందా?" మళ్లీ ఆవిడతో, "ఆ తేనెటీగలది కూడానా?"

"చివరిదాకా చదివాను."

"అయ్యో తల్లీ!" అన్నాడాయన. "నేను పది పేజీలు కూడా చదవలేదు. నేను కరెంటు మీటర్లు చూసేవాణ్ణి. చూసిన ఇంటి డబ్బా మీద సుద్దతో త్రికోణం గీసేవాణ్ణి, మళ్లీ ఆ మెట్లెక్కే పని లేకుండా. పుస్తకానికీ అదే లెక్క. బాగోలేకపోతే ఒక త్రికోణం గీసి తిరిగిచ్చేసేవాణ్ణి, పొరపాటున మళ్లీ తెచ్చుకోకుండా."

"మరి బాగున్నవాటికి?"

"వాటికెందుకు? బాగున్నది ఎవరైనా మర్చిపోతారా?"

ఆర్డిస్ చేతుల్లోని చేతిసంచీ వైపు చూసుకుంది. తలెత్తి, "ఆ బాగున్నవి ఏవో చెప్పండి," అంది.

ఆయన నోరు తెరిచాడు. నుదురు రుద్దుకున్నాడు. "ఒకటుండేది... అందులో గుర్రం... గుర్రం కాదు. నీలం అట్ట." కిటికీ అవతల మంచు తోసే బండిని కాసేపు చూశాడు. "పోనీ నువ్వు చెప్పు. ఆ చెత్తలో నీకేం నచ్చింది?"

"అన్నీ నచ్చాయి," అంది ఆర్డిస్. అని, తనే ఆశ్చర్యపోయినట్టు ఆగింది. తర్వాత తేనెటీగల గురించి చెప్పింది. చలికాలంలో అవి ముద్దగా కూడి, రెక్కలు కదపకుండా వణుకుతూ వేడి పుట్టిస్తాయని, అంచున ఉన్నవి లోపలికీ, లోపలున్నవి అంచుకీ మారుతుంటాయని.

"ఇది ఎన్నో పేజీలో ఉంది?"

"నూట నలభైలో."

"అంత ఓపిక నాకెక్కడిది!" అన్నాడు.

నాలుగున్నరకు నర్సు వచ్చి, అక్కడ పెందలాడే పెట్టే రాత్రి భోజనానికి ఆయన్ని తీసుకెళ్లింది. వెళ్తూ ఆర్డిస్ చెయ్యి పట్టుకుని, నీ పేరేమన్నావు అని మళ్లీ అడిగాడు.

తిరుగుదారిలో ఆవిడ, వంతెన దాటాక, "అయితే ఇన్నేళ్లూ నేనొక్కదాన్నే చదివానన్నమాట," అంది. ఏదైనా చెప్పి ఉండాల్సింది. నాకు మాట దొరికేసరికి చెప్పుల దుకాణం వచ్చేసింది.

గురువారం ఫిలిస్ అందరికంటే ముందే వచ్చింది. "ఏమైందే? దొరికాడా? అందగాడేనా?"

"బతికే ఉన్నాడు," అంది ఆర్డిస్. తన వంతు వచ్చినప్పుడు, "ఈ వారం ఏమీ లేదు," అని రోజర్ వైపు చెయ్యి చూపించింది. ఆవిడ ఉత్త చేతులతో రావడం నేను చూడడం అదే మొదటిసారి.

అందరూ వెళ్లిపోయాక కొత్త పుస్తకాల బీరువా ముందు చాలాసేపు నిలబడింది. ఏదీ తీయలేదు. బూట్లు తొడుక్కుని, కోటు గుండీలు పెట్టుకుని, ఏదో తోచినట్టు కౌంటరు దగ్గరకు వచ్చింది.

"అమ్మాయ్, నువ్వేం చదువుతున్నావు?"

నన్ను ఆ మాట అక్కడ అంతవరకూ ఎవరూ అడగలేదు. కంప్యూటరు వెనక దాచుకున్న పుస్తకం తీసి చూపించాను. ఆవిడ అట్ట చూసి, వెనక్కి తిప్పి, మళ్లీ నా ముందు పెట్టింది.

"బాగుందా?"

"ఇంకా సగమే అయిందండీ."

"అయ్యాక చెప్పు," అని తలుపు తోసుకుని బయటకు వెళ్లింది.