ఓడ పాటకు నేను కట్టిన వరస

శనివారం ఉదయం పదీ పదికి మా ఆవిడ ఇడ్లీ ప్లేట్లు కడిగి, చెయ్యి తుడుచుకుంటూ, "ఏవండీ, లైబ్రరీకి టైమైంది" అంది. ఆ రోజుల్లో మేం అమెరికాకీ, ఈ క్యారీ ఊరికీ కొత్త. నాకు ఆఫీసుంది. ఆవిడకి హెచ్-ఫోర్ వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేదు, కారు నడపడం రాదు. వారానికోసారి లైబ్రరీలో పాటలవాళ్ల దగ్గర కూర్చోవడమే ఆవిడకంటూ ఉన్న పని. భార్య సంతోషం చూసి భర్త సంతోషిస్తాడని పుస్తకాల్లో రాస్తారు. ఆ సంతోషం వేరేవాళ్ల వల్ల వస్తే ఏం చేస్తాడో రాయరు.

పాటలంటే ఈ దేశం ఏర్పడిన కొత్తలో అచ్చేసిన పాటల పుస్తకాల్లోవి. జెండా మీద కొన్ని, సముద్రం మీద కొన్ని, మిగిలినవన్నీ ప్రేమ మీద. వాటిని పాడించే పెద్దాయన్ని అందరూ కెప్టెన్ అనేవారు (నిజానికి ఆయన పళ్ల డాక్టరు, ఓడ ఎక్కితే వాంతులట). తెల్ల గడ్డం, మంచి గొంతు. చర్చి క్వయర్‌లో పెరిగిన మా ఆవిడ గొంతు వినగానే ఆయన ఆవిణ్ణి తన పక్క కుర్చీలోకి పిలిచాడు. ఇక ప్రేమపాటలన్నీ ఆ ఇద్దరివే. నేను వెనక కూర్చుని తోటపని మ్యాగజైన్ చదివేవాణ్ణి (మాది రెండో అంతస్తు అపార్ట్‌మెంట్).

"ఆయనకి అరవై దాటాయండీ" అంది మా ఆవిడ కార్‌లో.

"అరవై దాటినవాడికి ప్రేమపాటలెందుకు? జెండా పాటలు పాడుకోవచ్చుగా."

"అయితే మీరొచ్చి పాడండి. ఎవరొద్దన్నారు?"

ఎవరూ వద్దనలేదు. నాకు పాడడం రాదు, అంతే. కానీ ఆ కుర్చీ నాకు కావాలి.

ఆ పుస్తకాల్లో స్వరాలుండవు. ఫలానా పాట వరసలో పాడాలని పైన ఒక ముక్క, కింద మాటలు. నాకిది కొత్త కాదు. మా చర్చి కీర్తనల పుస్తకంలోనూ పైన రాగం, తాళం పేర్లే ఉంటాయి. రాగం తెలియనివాళ్లు తెలిసిన వరస ఏదో ఒకటి తగిలించి పాడేస్తారు; దేవుడు సర్దుకుంటాడు. నేనూ ఒక ఓడ పాట తీసుకుని, నోటికొచ్చిన వరసలో వారమంతా ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తూ ప్రాక్టీస్ చేశాను.

శనివారం లేచి నిలబడి పాడాను. ఓడ రేవుకి చేరింది, అమ్మాయిలూ గుమ్మాల్లోకి రండి, గంతులేద్దాం అని దాని అర్థం. రెండో చరణానికి ఒకావిడ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. మా ఆవిడ తల వంచుకుంది. భుజాలు కదులుతుంటే ఆవిడా ఏడుస్తోందనుకున్నాను.

"ఏవండీ," అంది నవ్వాపుకుంటూ, "అది సమాధి దగ్గర పాడే వరస. పెట్టె దింపేటప్పుడు."

నిజమే. చిన్నప్పుడు మా చర్చిలో నన్ను పాడనిచ్చింది భూస్థాపనల్లోనే (అక్కడ శ్రుతి ఎవరూ పట్టించుకోరు). మరి నాకింకే వరస వస్తుంది?

కెప్టెన్ పుస్తకంలో ఆ పాట మరోసారి చూసుకున్నాడు. తర్వాత, "ఇంటికి రాని నావికులు కూడా గుర్తొచ్చారు. ఇది నేను నేర్చుకోవాలి" అన్నాడు. నేను పొంగిపోయాను. ఆయన మా ఆవిడ వైపు తిరిగి, "నువ్వు నేర్పుతావా?" అన్నాడు.

ఆ వేసవంతా నా పాటని వాళ్లిద్దరూ పాడారు. నేను గులాబీల తెగుళ్ల గురించి చాలా తెలుసుకున్నాను.

మా ఆవిడ కిందటేడు పోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకి, తొంభై దగ్గరపడ్డ కెప్టెన్ ఫోన్ చేశాడు. "మీ ఆవిడ నాకో తెలుగు జోలపాట కూడా నేర్పింది. నీకు తెలిసే ఉంటుంది" అన్నాడు. తెలుసన్నాను. తెలీదు. మాకు పిల్లల్లేరు, ఇంట్లో ఆవిడ జోలపాట పాడగా నేనెప్పుడూ వినలేదు. ఫోన్ పెట్టేశాక కడుపు మండింది. ఆవిడ పోయాక నాకు గట్టిగా అనిపించిన మొదటి సంగతి అదే. ఈ వయసులో ఇదేం బుద్ధి అని నవ్వొచ్చింది కూడా. రెండు రోజులాగి నేనే ఫోన్ చేసి, పాడమని అడిగాను. సగం మరిచిపోయాడు. గుర్తున్న సగం రెండుసార్లు పాడించుకున్నాను.

ఆ లైబ్రరీలో ఇప్పుడు శనివారాలు ఎవరూ పాటలు పాడడం లేదు.