ఉప్పెక్కువైన రోజు

ఫ్యాక్టరీ క్యాంటీన్ వంటమేస్త్రి చిల్లుల గరిటెతో బంగాళాదుంప ముక్కలు తీసి, ఉప్పు చల్లి, నూనె పూర్తిగా కారకముందే ఒకటి నోట్లో వేసుకుంటాడు. వాయికో ముక్క. ఉప్పు చూడాలిగా మరి! ఆ చెయ్యి నోటిదాకా వెళ్ళొచ్చిన సంగతి ఆయనకే తెలియదు. గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకుందని డాక్టరు చెప్పినప్పటినుంచీ ఆయన పథ్యం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. ఉడికించిన చిక్కుడుగింజలు, ఆకుకూర, ఓ పండు. భార్య డబ్బాలో ఏది పెడితే అది కిక్కురుమనకుండా తింటాడు. అయినా రక్తపరీక్షలో కొవ్వు దిగనంటోంది. "ఇంకేమైనా తింటున్నారా?" అని డాక్టరు అడిగితే, "ఒట్టు, ఇంకేం ముట్టనండీ," అన్నాడు. అబద్ధం కాదు. ఆయన దృష్టిలో రుచి చూడటం తినడం కిందికి రాదు.

ఒకరోజు ఆయన మర్చిపోయిన డబ్బా పట్టుకుని భార్య క్యాంటీన్‌కి వచ్చింది. మూకుడుకీ నోటికీ మధ్య తిరుగుతున్న ఆ చేతిని గుమ్మంలోనే నిలబడి చూసింది. "ఇదేమిటండీ?" అంది. "ఏది?" అన్నాడు నములుతూనే. మరుక్షణం దవడ ఆగిపోయింది. తన చేతిని పరాయివాడి చేతిలా చూసుకున్నాడు. ఆవిడ డబ్బా బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. మర్నాడు సాయంత్రం మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. "ఇన్నేళ్ళలో ఇలా ఎప్పుడూ జరగలేదే! బంగాళాదుంప ముక్కలు ఉప్పు కషాయంలా ఉన్నాయని క్యాంటీన్‌లో అందరూ తిట్టిపోశారు." ఆవిడ మొహం చాటంతైంది. "నిజంగానా!" అంటూ ఆయన కంచంలో మరో గరిటెడు చిక్కుడుగింజలు వడ్డించింది.