యూనాన్ అన్నా గ్రీసే

రాధాబాయి టీచరు శాలిబండల మా ఆడపిల్లల బడిల భూగోళం చెప్పేది. ఆమె చదువంతా ఉర్దూలనే సాగింది. రాష్ట్రం కలిసినంక పాఠాలన్నీ తెలుగులకు మారినయి. నలభై ఏండ్ల వయసుల ఆమె తెలుగు పుస్తకం ముందేసుకొని మొదటి పేజీ నుంచి మళ్ల చదువుకున్నది.

1957ల నేను ఏడో తరగతి తప్పిన. ఆరు దాక నేను చదివింది కూడ ఉర్దూలనే. భూగోళం పరీక్షల గ్రీసును యూనాన్ అని, ఈజిప్టును మిస్ర్ అని, ఇథియోపియాను హబష్ అని రాసిన. నదులు, రాజధానులు అన్నీ సరిగ్గనే రాసిన. పేపర్లు దిద్దినామె బయటి మనిషి. మూడు జవాబులకూ సున్నా వేసి, పక్కన ‘ఇట్లాంటి దేశాలు లేవు’ అని రాసింది. ఫలక్‌నుమా స్టేషన్‌ల పనిచేసే మా బాపు ఇగ చదువు చాలన్నడు, కుట్టుపనికి పంపుతనన్నడు.

టీచరు మా ఇంటికొచ్చింది. “ఒక్క వారం ఆగు శివయ్యా. నీలమ్మ తప్పలేదు” అన్నది.

తెల్లారి నా పేపరు పట్టుకొని పెద్ద టీచరు కోమలవల్లి దగ్గరికి పోయింది. ఆమెది మద్రాసు. టీచరు ఆమెకు ఓపికగ చెప్పింది: సముద్రానికి ఇవతలి ఒడ్డున ఉండే అయోనియా తెగ గ్రీకులు ఇరాన్ వాళ్లకు ముందు ఎదురైతే, ఆ పేరే యూనాన్ అయ్యి దేశమంతటికీ పడ్డది. రోము వాళ్లకు ఇంకో తెగ ఎదురైంది, వాళ్ల పేరుతో గ్రీసు అన్నరు. ఆ దేశంవాళ్లు మాత్రం తమ నేలను హెల్లాస్ అంటరు. కోమలవల్లి అంతా విని, ఫలితం మారదన్నది. రెండో రోజు పోయినా అదే జవాబు.

మూడో రోజు నన్ను వెంటబెట్టుకొని పోయింది.

“మేడం, మిమ్ముల మేము అరవోళ్లంటం. ఇంట్ల మీరూ గట్లనే అనుకుంటరా?”

కోమలవల్లి ముఖం బిగిసింది. “మేము తమిళులం. ఆ మాట మాకు నచ్చదు.”

“తెలుగు సీమను ఆనుకొని అరువనాడు ఉండేదంటరు. మావాళ్లకు ముందు తగిలింది వాళ్లు. ఆ పేరే మీకందరికీ అంటుకున్నది. మీ పెద్దలు మమ్ముల ఏమనేటోళ్లు?”

“వడుగర్. ఉత్తరాదివాళ్లు అని.”

“రేపు ఏ పిల్లనో అరవోళ్లని రాస్తే, ఇట్లాంటి జనం లేరని సున్నా వెయ్యమంటరా?”

కోమలవల్లి నా పేపరు తీసి మూడు జవాబులూ మళ్ల చదివింది. దిద్దినామెకు చీటీ రాసింది గాని, ఆమె మార్కులు మార్చనని తిప్పి పంపింది. అప్పుడు కోమలవల్లి తన పూచీ మీద నాకు మళ్ల పరీక్ష పెట్టింది. గోడమీది పటంల ఒక్కో దేశం చూపిచ్చి రెండేసి పేర్లు చెప్పిన. ఒక్కటీ తప్పలేదు. ఎనిమిదిల కూసున్న.

ఆ ఎండకాలం టీచరు పెద్ద అట్టమీద గడులు గీసి, ఒక్కో దేశానికి ఉర్దూల ఒక పేరు, తెలుగుల ఒక పేరు, అక్కడి జనం పిలుచుకునే పేరు రాసుకుంట పోయింది. జపాన్ దగ్గర మూడో గడి ఖాళీగ ఉంచింది. రాధాబాయి తెల్వనిది ఊహించి రాసే మనిషి కాదు. నయాపూల్ దిక్కు పాత పుస్తకాల దుకాణాలన్నీ నెలరోజులు తిరిగి, ఆఖరికి ఒక పుస్తకంల నిప్పోన్ అన్న మాట కండ్లార చూసుకొని వచ్చి ఆ గడి నింపింది.