ఓనరు మామ

"నువ్వు నిజంగా ట్రైబలేనా, లేకపోతే వేషమా?"

హైదరాబాదు నుంచి అరకు కొండల్లో టెంట్ల క్యాంపుకి వచ్చిన ఒకావిడ టీ కప్పు అందుకుంటూ అడిగిన ప్రశ్న ఇది. అడిగింది అక్కడ పనిచేసే సిల్వియాని. ఆవిడ అనుమానానికి కారణం లేకపోలేదు. మోకాళ్ల దాకా కట్టిన చీర, కొప్పులో పసుపు పూలు, కాళ్లకి కడియాలు. ఇంతా చేసి ఆ పిల్ల "గుడ్ మార్నింగ్ మేడమ్, షుగర్ కొంచెం తగ్గించమంటారా?" అంది. ఆ మాట ఆ చీరకి నప్పలేదు.

సిల్వియా తడుముకోకుండా "రెండూ మేడమ్" అంది.

నిజమే చెప్పింది. ఆ చీర విజయనగరంలో టోకున కొన్నది. వాళ్ల అమ్మమ్మ అలాంటిది కట్టేదట. వాళ్లమ్మ తెరిసమ్మ ఎన్నడూ కట్టలేదు. సిల్వియాకి థింసా ఆట నేర్పింది ఊళ్లో పెద్దలు కాదు, పాడేరు హాస్టల్లో పీఈటీ మేడమ్, రిపబ్లిక్ డే పరేడ్ కోసం. టూరిస్టులు టెంటు ముందు మంట చుట్టూ చూసే తరతరాల సంప్రదాయానికి వయసు అంతే.

ఇంటర్ పరీక్షలకీ డిగ్రీ అడ్మిషన్లకీ మధ్య వచ్చే ఖాళీ గురించి పేపర్లలో ఏటా వ్యాసాలు పడతాయి. ఆ ఖాళీలో పిల్లలు ఏదైనా పని చేస్తే బాధ్యత తెలుస్తుందట, ఆత్మవిశ్వాసం పెరుగుతుందట, నలుగురితో మెలగడం అలవడుతుందట. సిల్వియాకి బాధ్యత ఏనాడో తెలుసు. నాన్న ఫిలిప్పు ఆమె పదో తరగతిలో ఉండగా పోయాడు. అమ్మ బళ్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. వేసవి సెలవుల్లో వంట ఉండదు, జీతమూ ఉండదు. బైపీసీలో సిల్వియాకి మంచి మార్కులొచ్చాయి, విశాఖపట్నంలో బీఎస్సీ సీటు దొరుకుతుందన్నారు. కాలేజీ ఫీజు ప్రభుత్వం కడుతుంది. హాస్టల్లో చేరే రోజు చేతిలో పెట్టాల్సిన పద్దెనిమిది వేలు మాత్రం ఎవరూ కట్టరు. అవి ఉంటే ఆమె విశాఖలో ఉంటుంది, లేకపోతే ఇక్కడే. ఆ వేసవి మొత్తం ఇంత చిన్న సంగతి మీద నిలబడింది.

పని మాత్రం తేలిగ్గానే దొరికింది, ఎందుకంటే క్యాంపు ఉన్నది మామ భూమిలో.

తెరిసమ్మ తమ్ముడు సోంబరుకి అరకు నుంచి ముంచింగిపుట్టు వెళ్లే రోడ్డు పక్కన, ఊరు దాటాక, వాలు భూమి ఒక చెక్క ఉంది. సామలు తప్ప మరేమీ సరిగా పండని భూమి. పొద్దున్నే కింద లోయంతా మబ్బు పరుచుకుంటే చూడ్డానికి మాత్రం బాగుంటుంది. ఆ మబ్బు విలువ సోంబరుకి తెలియదు. ఎస్.కోట దగ్గర రైతు కుటుంబంలో పుట్టి, ఎరువుల వ్యాపారం చేసి విసిగిపోయిన దుర్గాప్రసాద్‌కి తెలుసు. అక్కడ టెంట్లు వేస్తానని వచ్చాడు. కానీ ఏజెన్సీలో మైదానం వాళ్ల పేరు మీద భూమి గానీ, లీజు గానీ చెల్లదు. గిరిజనుల భూమిని కాపాడడానికి పెట్టిన చట్టం అది. దాన్ని దాటే పద్ధతి ప్రతి మండలంలోనూ అందరికీ తెలిసిందే. వ్యాపారం గిరిజనుడి పేరున ఉంటుంది, పెట్టుబడీ లాభమూ ఇంకొకరివి.

మార్చిలో దుర్గాప్రసాద్ కాగితం పట్టుకొచ్చినప్పుడు చదివి చెప్పడానికి సోంబరు మేనకోడల్నే పిలిచాడు. సిల్వియా రెండుసార్లు చదివింది. క్యాంపు యజమాని సోంబరు. దుర్గాప్రసాద్ మేనేజరు.

"ఇదేటి సార్? మీరు మేనేజరేటి?"

"మా పేరు సెల్లదు కదమ్మా ఇక్కడ. మీకోసం ఎట్టిన సట్టమే. ఏడాదికి అద్దె మీ మామకి, పని నీకు. సదువుకున్నదానివి, నీకు నాను సెప్పాలేటి?"

చదువుకున్నది ఆలోచించింది. మామకి అద్దె వస్తుంది, తనకి నెలకి ఎనిమిది వేలు.

"ఏలిముద్ర ఎట్టీ మామా. నీకు నట్టం ఏటీ లేదు. ఓనరువి నువ్వే" అంది.

సోంబరు వేలిముద్ర వేసి, బొటనవేలి సిరా తలకి రాసుకుంటూ, "ఓనర్నా? అయితే రేపట్నించి నాకు టీ అక్కడే" అన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో అతని పేరు ఓనరు మామ.

క్యాంపులో పని ఏమిటంటే అన్నీ. దుప్పట్లు ఉతకడం, టీలు మోయడం, కుండల్లాంటి కప్పులు కడగడం, సాయంత్రం చీర కట్టి ఆడడం, ఫొటోల్లో నవ్వడం. సిల్వియాతో పాటు మరో నలుగురు అమ్మాయిలు. వాళ్లు ఏ వారం జీతం ఆ వారం తీసుకుని సంతలో ఖర్చు పెట్టేవారు. సిల్వియా అలా చేయలేదు. మొదటి నెల కాగానే దుర్గాప్రసాద్ డబ్బు తీస్తే తనే వద్దంది.

"మా కాడుంటే బియ్యానికీ నూనికీ అయిపోద్ది సార్. మీకాడే ఉంచండి. సివర్లో ఒకేసారి తీసుకుంటాను."

ఇది అమాయకత్వం అనుకుంటే పొరపాటు. ఆ కొండల్లో ఒకరి పొలంలో ఇంకొకరు పనిచేస్తే లెక్క పంట ఎత్తాకే. మధ్యలో అడిగితే నమ్మలేదన్నట్టు. పని చేయించుకున్నవాడి దగ్గర కూలి ఉంటే ఇంట్లో ఉన్నదానికన్నా భద్రం, ఎందుకంటే అతను మళ్లీ వీళ్ల పొలంలోకి పనికి రావాలి, మొహం చూపించాలి. ఆ పద్ధతి వాళ్లలో వాళ్లకి బాగానే పనిచేస్తుంది. దుర్గాప్రసాద్ ఎవరి పొలంలోకీ పనికి రావక్కర్లేదు. సిల్వియా లెక్కలో తప్పిపోయింది అదొక్కటే.

చైత్రంలో ఇటుకల పండుగ వచ్చింది. మగవాళ్లు వేటకి కొండెక్కుతారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురుబొంగు కట్టి, వచ్చిన ప్రతి బండినీ ఆపి డబ్బు అడుగుతారు. దాన్ని పజోరు అంటారు. అది అప్పూ కాదు, ముష్టీ కాదు. పండుగ హక్కు. ఇవ్వకపోతే బొంగు లేవదు.

ఆ రోజు సిల్వియా దుర్గాప్రసాద్‌తో జీపులో అరకు స్టేషన్‌కి వెళ్లి, గెస్టుల్ని ఎక్కించుకుని వస్తోంది. వాళ్ల ఊరి దగ్గరే బొంగు అడ్డం పడింది. దాని వెనక పదిమంది ఆడవాళ్లు, ముందు ఆమె చిన్ననాటి స్నేహితురాలు సోని.

"ఒలే సిల్వియా! ఎదర సీట్లో కూకున్నావేటే దొరసానీ? దిగు!"

"డ్యూటీలో ఉన్నానే. బేగి ఎల్లాలి. బొంగు లెగదియ్యండి."

"డ్యూటీ అట! ఓనరు మేనకోడలి కాడ డబ్బుల్లేవేటి?"

"నాను చర్చి గుంటని. నాకేటి పజోరు?" అంది, చర్చికెళ్లే పిల్లకి కొండదేవత పండుగతో పనేమిటన్నట్టు.

"చర్చి గుంటవైతే ఏసయ్యని అడిగి ఇయ్యి. దిగు ముందు!"

జీపంతా నవ్వింది. ఇద్దరు ఆమెని చెయ్యిపట్టి లాగేశారు. లాగినవాళ్ల మధ్యలో నిలబడి, అటు నుంచి ఇటు తిరిగి, సిల్వియా కూడా బొంగు మీద చెయ్యివేసి తన బాసు వైపే అరచెయ్యి చాపింది.

"సార్, పజోరు! ఇత్తేగానీ లెగదు."

"ఓసి నీ ఇల్లు బంగారం గాను! నా జీపులో వచ్చి నన్నే ఆపుతావేటే గుంటా?"

గెస్టులు ఫోన్లు తీశారు. ఫోన్లు చూసి దుర్గాప్రసాద్ చొక్కా జేబులోంచి నాలుగు అయిదువందల నోట్లు తీసి, ఒక్కొక్కటే ఆమె అరచేతిలో పెట్టాడు. ఆడవాళ్లు అరిచిన అరుపుకి కొండ మారుమోగింది. బొంగు లేచింది. ఆ వీడియో క్యాంపు పేజీలో బాగా ఆడింది. డబ్బు ఊరి విందుకి పోయింది. విందుకి కోసిన మేక కొండదేవతకి బలిచ్చినది కాబట్టి సిల్వియా ఆ మాంసం తినలేదు.

జూన్ మధ్యలో వానలు మొదలయ్యాయి. టెంట్లు మడత పెడుతుండగా దుర్గాప్రసాద్ పిలిచాడు. రెండున్నర నెలలకి ఇరవై వేలు. అతను అయిదు వేలు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు.

"మిగతాది సార్?"

"సీజను ఎలాగుందో నువ్వే సూసినావు కదమ్మా. మే నెలంతా సగం టెంట్లు ఖాళీ. దసరాలకి జనం వత్తారు, అప్పుడు మొత్తం ఇచ్చీత్తాను. ఇంక ఇయ్యాల్సింది పదమూడు వేలు."

"పదిహేను కదా సార్?"

"పజోరు రెండు వేలు తీసుకున్నావు కదా."

సిల్వియాకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది.

"అది పండగది సార్! ఊరికి ఇచ్చినారు."

"నీ సేతికి ఇచ్చినాను. నలుగురూ సూసినారు. వీడియో ఉంది."

"సార్, సీటొచ్చింది. హాస్టల్ డబ్బులు నెలాఖరుకి కట్టాలి."

"నువ్వు మా ఇంటి పిల్లలాంటిదానివే. నీకు ఎగ్గొడతానా?" అన్నాడు దుర్గాప్రసాద్. చెడ్డగా అనలేదు. అతను బహుశా ఎగ్గొట్టే ఉద్దేశంలోనూ లేడు. టెంట్ల మీద తెచ్చిన అప్పు వాయిదాలు అతనికీ ఉన్నాయి. వాటికి తేదీ దాటితే వడ్డీ పడుతుంది, సిల్వియాకి దాటితే పడదు. ఎవరికి ముందు ఇవ్వాలో వ్యాపారం తెలిసినవాడికి ఒకరు చెప్పాలా?

హక్కుల గురించి మనకి పాఠాలున్నాయి. సిల్వియా పౌరశాస్త్రంలో చదివింది కూడా. బస్సెక్కి పాడేరు వెళ్లి, ఎవరిని కలవాలో నలుగుర్ని అడిగి, కూలి ఫిర్యాదులు తీసుకునే ఆఫీసు పట్టుకుంది. అక్కడ కూర్చున్న ఉద్యోగి ఓపికగానే విన్నాడు.

"యజమాని పేరు?"

"దుర్గాప్రసాద్."

ఆయన కంప్యూటర్లో వెతికాడు. "ఆ పేరు మీద క్యాంపు లేదమ్మా. ఆ ఊళ్లో ఉన్నది ఒక్కటే. యజమాని సోంబరు. ఎవరాయన?"

"మా మామండి."

ఆయన కళ్లద్దాలు తీసి ఆమె వైపు చూశాడు. "కేసు పెట్టొచ్చు. నోటీసు మీ మామకి వెళ్తుంది. అసలు మనిషి వేరే అంటే అదింకో విచారణ, అందులో కూడా ముందు పిలిచేది సంతకం పెట్టినవాణ్ణే. ఆలోచించుకో తల్లీ."

గిరిజనుణ్ణి కాపాడడానికి ఒక చట్టం, కూలీని కాపాడడానికి ఇంకొకటి. రెండూ కలిసి ఒక గిరిజన కూలీకి చూపించిన దోషి ఆమె మేనమామ.

సోంబరు అద్దె డబ్బుతో ఇంటికి కొత్త రేకులు వేయించుకున్నాడు. సిల్వియా వెళ్లేసరికి వాటి మీద వాన మోగుతోంది. తెరిసమ్మ కూడా అక్కడే ఉంది.

"మామా, కేసెడితే నీమీదే ఎట్టాలట."

"నామీదా? నానేటి సేసినాను?"

"ఓనరువి కదా."

సోంబరు నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు. "ఆ కాయితం సదివింది నువ్వేనే" అన్నాడు మెల్లగా. నిందించినట్టు కాదు, గుర్తు చేసుకున్నట్టు.

"అవును, నానే" అంది సిల్వియా.

"నా తమ్ముణ్ణి టేసన్లకి తిప్పీసి సదువుతావేటి?" అంది తెరిసమ్మ. "అలాటి సదువు మనకొద్దు."

"ఉండక్కా." సోంబరు లేచి గొడుగు తీశాడు. "ఓనర్ని కదా. నానే అడుగుతాను మేనేజర్ని."

నిజంగానే వెళ్లాడు. క్యాంపులో దుర్గాప్రసాద్ ముందు నిలబడి, "ఓనర్ని నాను సెప్తన్నాను, మా గుంట డబ్బులు ఇచ్చీ" అన్నాడు. దుర్గాప్రసాద్ కుర్చీలోంచి లేచి చేతులు కట్టుకుని, "అలాగే ఓనరుగారూ, తమ ఆర్డరు" అన్నాడు. పనివాళ్లంతా పడీపడీ నవ్వారు. సోంబరుకి టీ ఇచ్చి, వచ్చే ఏడాది అద్దె గురించి కూడా ఆలోచించుకోమని చెప్పి పంపేశాడు.

తిరిగొచ్చి సోంబరు గుమ్మంలోనే ఆగిపోయాడు. "రెండు మేకపిల్లలున్నాయే. అమ్మీసి ఇత్తాను" అన్నాడు. రెండు మేకపిల్లల్ని అమ్మినా హాస్టల్ దాకా రావు. సిల్వియా వద్దంది. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరూ అతన్ని ఓనరు మామ అనలేదు.

జూన్ అయిపోయింది. కాలేజీ వాళ్లు ఒకసారి ఫోన్ చేశారు, రెండోసారి చేయలేదు. వచ్చే ఏడాది చేరొచ్చని చర్చిలో ఫాదర్ ధైర్యం చెప్పాడు. వచ్చే ఏడాది మాత్రం హాస్టల్ ఊరికే చేర్చుకుంటుందా? ఓపిక పట్టినవాళ్లకి మంచి జరుగుతుందనే వాళ్లెవరూ ఏ తేదీకి జరుగుతుందో చెప్పరు.

దసరాకి టెంట్లు మళ్లీ లేచాయి. వచ్చి పనిచేస్తే పాతదీ కొత్తదీ కలిపి ఒకేసారి ఇస్తానని దుర్గాప్రసాద్ కబురు పెట్టాడు. వెళ్లకపోతే పాతది కూడా రాదని అతను అనలేదు, అనక్కర్లేదు. సిల్వియా వెళ్లింది. అదే చీర, అదే నవ్వు. ఈసారి జీతం ఏ వారానికావారం అడిగి తీసుకుంటోంది. అది బియ్యానికీ నూనెకీ అయిపోతోంది, తను ముందే చెప్పినట్టు.

ఎవరో కాలేజీ కుర్రాళ్ల బ్యాచ్ మొన్న ఆమెని అడిగారట, నువ్వేం చదువుతున్నావని. "సెలవుల్లో ఉన్నాను" అంది.

వేసవి పని తాలూకు పదిహేను వేలు సిల్వియాకి ఇంకా రావాలి. దుర్గాప్రసాద్ లెక్కలో పదమూడు. కాగితం ప్రకారం అది ఇవ్వాల్సింది సోంబరు.