నోట అశుభం రాని పిచ్చివాడు

సీతారామారావు గారి నోట అశుభం రాదు. కెనడాలోని రెజైనాలో చెవులు ఊడిపడేంత చలి ఉన్న రోజు కూడా "చలి చంపేస్తోంది" అనరు, "చలి బాగా పలకరిస్తోంది" అంటారు. కారు బ్యాటరీ చచ్చిపోతే, అది విశ్రాంతి తీసుకుంటోందని టో ట్రక్ అబ్బాయికి ఇంగ్లీషులో చెప్పి అతన్ని తికమక పెట్టారు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారట. ఈ సస్కాచెవాన్‌లో ఆకాశం మరీ విశాలం కనుక, మాట వాళ్ళ చెవిన పడకుండా ఉండే ప్రశ్నే లేదట.

అలాంటి మనిషికి మీనాక్షి తన హారర్ సినిమాలో పిచ్చెక్కిపోయే చిత్రకారుడి వేషం ఇచ్చింది. మరి గతిలేదు. చీకటి బేస్‌మెంట్ ఆయనది, చెదిరిన గడ్డం ఆయనది, యూనిట్‌కి భోజనాలు ఆయన భార్య సుగుణ గారివి. చదువుకోడానికి ఈ ఊరికి ఒంటరిగా వచ్చి, అది పూర్తిచేసి గ్రోసరీ స్టోర్‌లో షిఫ్టులు చేసుకునే మీనాక్షికి సొంతమైనవి ఒక కెమెరా, ఒక కథ. ఊళ్ళో జరిగే చిన్న ఫిల్మ్ ఫెస్టివల్ వాళ్ళు ఈ సినిమా తీసుకోకపోతే ఇక కెమెరా ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకుంది.

"ఒట్టు అనకు తల్లీ, ఆలోచన అను" అన్నారు సీతారామారావు గారు.

మొదటి రోజే మొదలైంది. చిత్రకారుడు ఖాళీ ట్యూబు పిండి, "రంగులు అయిపోయాయి!" అని అరవాలి. ఆయన పిండారు, కళ్ళు భయంకరంగా తిప్పారు, "రంగులు నిండుకున్నాయి!" అని అరిచారు.

"కట్! అయిపోయాయి అనాలి అంకుల్."

"బియ్యానికి నిండుకున్నాయనే అంటాం కదమ్మా. రంగులేం పాపం చేశాయి?"

దీపం ఆరిపోయే సీన్‌లో "దీపం కొండెక్కింది!" అన్నారు. "పోతున్నా" అంటూ చీకట్లో కలిసిపోవలసిన చోట "వెళ్ళొస్తా" అన్నారు. చెయ్యి కూడా ఊపారు.

"పిచ్చివాడు వెళ్ళొస్తానని చెప్పి వెళ్తాడా అంకుల్?" మీనాక్షి నెత్తి బాదుకుంది.

"మర్యాదస్తుడికి పిచ్చెక్కితే అలాగే వెళ్తాడమ్మా."

ఆఖరి సీన్ మాత్రం వదిలేది లేదని మీనాక్షి భీష్మించుకుంది. సినిమా ప్రాణమంతా అందులోనే ఉంది. ఖాళీ గది, పగిలిన అద్దం, చిత్రకారుడు తన మొహం చూసుకుని "నాకెవరూ లేరు. నేనున్నా లేకపోయినా ఒకటే" అనాలి.

ఆయన అద్దంలోకి చూశారు. "నాకందరూ ఉన్నారు" అన్నారు.

మళ్ళీ తీశారు. మళ్ళీ అదే. ఎన్నిసార్లు తీసినా అదే. మీనాక్షికి ఒళ్ళు మండిపోయింది.

"మీ తథాస్తు దేవతలకో దండం అంకుల్! అది మీరు అనే మాట కాదు, పాత్ర అనే మాట."

"పాత్రదైతే అనేవాణ్ణే" అన్నారు ఆయన, అద్దంలోంచి ఆమెనే చూస్తూ. "పోయిన చలికాలం మా వంటింట్లో కూర్చుని సుగుణతో నువ్వన్న మాట కదూ ఇది? అక్షరం మార్చలేదు. పక్క గదిలో ఉండి విన్నాను. దాన్ని నా నోటితో మళ్ళీ అననమ్మా."

టీలు పట్టుకుని మెట్లు దిగుతున్న సుగుణ గారు అందుకున్నారు. "ఈయనకి పట్టింపులేమిటి తల్లీ! నువ్వు ఆ మాట అనేదాకా, మంచు పార పట్టినప్పుడల్లా ఈ ఊరికి శాపనార్థాలు పెట్టేవారు. ఆ మర్నాటినుంచే ఈ దేవతలు వచ్చిపడ్డారు. 'మన ఇంట్లో ఆ పిల్ల చెవిన చెడ్డమాట పడకూడదు' అని నాకూ ఆర్డరే."

మీనాక్షి ఏడుస్తూ నవ్వింది. టేక్ ఓకే అంది.

సబ్‌టైటిల్స్ సీతారామారావు గారమ్మాయి సాత్విక రాసింది. ఇక్కడే పుట్టిన పిల్ల, ఏ మాటకామాట ఇంగ్లీషులో దింపేసింది. ఖాళీ ట్యూబు పిండుతూ పిచ్చివాడు "ద పెయింట్స్ ఆర్ ఫుల్" అన్నాడు. చీకట్లో నిలబడి "ద ల్యాంప్ హాజ్ క్లైంబ్డ్ ద హిల్" అన్నాడు. చూసుకునే తీరిక లేక అలాగే పంపేశారు. ఫెస్టివల్ వాళ్ళు వణికిపోయి, ఇంత గొప్ప పిచ్చి ఎన్నడూ చూడలేదని మొదటిరోజే వేశారు. ఖాళీ గదిలో ఒంటరి మనిషి "నాకందరూ ఉన్నారు" అనేసరికి హాల్లో జనం కుర్చీల్లో వెనక్కి జరిగారు.

ప్రశ్నల వేళ ఒక పెద్దావిడ లేచింది. "ఆ గదిలో ఎవరూ లేరు కదా. అందరూ అంటే ఎవరు? దయ్యాలా?"

మైకు పట్టుకున్న మీనాక్షి హాలు చివరికి చూసింది. "దయ్యాలు కాదండీ, మావాళ్ళు. వెనక వరసలో ఉన్నారు" అంది.

హాలంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది. సినిమా నడిచినంతసేపూ తన మొహం చూసి తానే భయపడి కళ్ళు మూసుకు కూర్చున్న సీతారామారావు గారు, ఆ వెనక వరస చీకట్లోంచి మెల్లగా లేచి, గడ్డం సవరించుకుని, అందరికీ నమస్కారం పెట్టారు.

ముందు వరసలో ఎవరో కెవ్వుమన్నారు.